ప్రిన్స్ రూపర్ట్ ముంగిట ఒక తుపాను రాత్రి: గాలిని, పోటును ఒకే కాగితం మీద చదివిన కేస్ స్టడీ

ఏజెంటు నుంచి వచ్చిన ఆర్డరు ఒక్క వాక్యమే: రేపు 16:00 గంటలకు ట్రిపుల్ ఐలాండ్ దగ్గర పైలట్, అంటే ఓడను రేవులోకి నడిపించే స్థానిక నిపుణుడు, ఎక్కుతారు. పైకి అభ్యంతరం పెట్టవలసినదేమీ కనిపించదు. బెర్తు ఖాళీ లేదు, తొందరపడి ఇంధనం తగలేయవద్దని చార్టరర్ల (ఓడను అద్దెకు తీసుకున్నవారి) మాట, మా వేగానికి ఆ గంట చక్కగా సరిపోతోంది. ఆ ఆర్డరును ఎందుకు మార్పించామో, మార్పించాక ఆ రాత్రి లంగరు మీద ఏం జరిగిందో చెప్పడమే ఇక్కడ నా పని. అప్పుడు నేను ఆ ఓడలో సెకండ్ ఆఫీసర్‌ని. చార్టులు, ప్రయాణ ప్రణాళిక, ఆటుపోట్ల లెక్క నా బాధ్యత. ఓడ పేరు, కంపెనీ పేరు అనవసరం. 225 మీటర్ల పొడవున్న పనామాక్స్ (పాత పనామా కాలువలో పట్టే పరిమాణపు) బల్క్ క్యారియర్, అంటే విడి సరుకు మోసే ఓడ. జపాన్‌లో సరుకు దించేసి, సరుకు లేకుండా, నిలకడ కోసం నింపే బాలాస్ట్ నీళ్లతో, బొగ్గు ఎత్తుకోవడానికి కెనడా వెళ్తోంది. నవంబరు చివరి వారం, అమావాస్య రోజులు.

తీరం సంగతి

బ్రిటిష్ కొలంబియా ఉత్తర కొసన, అలాస్కా సరిహద్దుకు కాస్త దిగువన, కైన్ దీవి మీద ఉంది ప్రిన్స్ రూపర్ట్. కెనడాలో బాగా వాన పడే ఊళ్లలో దీని పేరు ముందుంటుంది. ఏడాదికి సుమారు 2,500 మిల్లీమీటర్లు, అంటే విశాఖపట్నానికి రెట్టింపు పైమాటే. మన తొలకరిలా దంచికొట్టి వెళ్లిపోయే వాన కాదు. ముసురు పట్టిందంటే ఎదుటి కొండ రోజుల తరబడి కనిపించదు.

ఆ వానకూ, అక్కడి గాలికీ మూలం ఒకటే. చలికాలంలో అలూషియన్ దీవుల పరిసరాల్లో అల్పపీడనం తిష్ఠ వేస్తుంది. దాని చుట్టూ తిరుగుతూ అలాస్కా సింధుశాఖలోకి ఒకదాని వెనక ఒకటి వాయుగుండాలు వస్తాయి. వాటి ముందు ఆగ్నేయ గాలి, ఫ్రంట్ (వెచ్చటి, చల్లటి గాలుల మధ్య హద్దు) దాటిపోయాక నైరుతి, ఆపైన పడమటి గాలి. తీరం పొడవునా కోస్తా పర్వతాలు గోడలా నిలబడటం వల్ల ఆగ్నేయ గాలి వాటిని ఎక్కలేక, తీరాన్ని ఒరుసుకుంటూ మరింత బలం పుంజుకుంటుంది. సముద్రం మధ్యలో 35 నాట్స్ (గంటకు అన్ని నాటికల్ మైళ్లు) ఉన్న గాలి తీరం దగ్గర 45 కావడం ఇక్కడ వింత కాదు.

ప్రిన్స్ రూపర్ట్‌కు సముద్రం వైపు రెండు ద్వారాలు. పడమటి నుంచి డిక్సన్ ఎంట్రన్స్. దక్షిణం నుంచి, హైదా గ్వాయి దీవులకూ ప్రధాన భూభాగానికీ మధ్యనున్న హెకేట్ జలసంధి. పోటు నీరు రెండు ద్వారాల నుంచీ వస్తుంది: డిక్సన్‌లో తూర్పుకు, హెకేట్‌లో ఉత్తరానికి. ఆటు మొదలయ్యాక వచ్చిన దారినే వెనక్కి పోతుంది. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే మిగతాదంతా అర్థమవుతుంది. ఆగ్నేయ గాలి వీస్తున్నప్పుడు హెకేట్‌లో ఆటు దానికి ఎదురు పడుతుంది. పడమటి ఉబ్బెత్తు అలలు (దూరపు తుపాను నుంచి వచ్చే పొడవాటి అలలు, స్వెల్) వస్తున్నప్పుడు డిక్సన్‌లో ఆటు వాటికి ఎదురు పడుతుంది. ప్రవాహానికి ఎదురెళ్లే అల పొట్టిదై, నిటారుగా లేచి, విరుగుతుంది. హెకేట్ ఉత్తర భాగం లోతు కూడా తక్కువ కావడంతో అక్కడి అలలకు చెడ్డపేరు ఊరికే రాలేదు.

ఇక ఆటుపోట్ల పరిమాణం. విశాఖలో అమావాస్య, పౌర్ణమి పోట్లకు మట్టం తేడా ఒకటిన్నర మీటరు అటూ ఇటూ. ప్రిన్స్ రూపర్ట్‌లో పెద్ద పోటు రోజున ఏడు మీటర్ల దాకా ఉంటుంది. పైగా రోజులో వచ్చే రెండు పోట్లూ, రెండు ఆట్లూ సమానం కావు. ఒక పోటు పెద్దది, ఒకటి చిన్నది; ఒక ఆటు నేల కనిపించేంత దిగుతుంది, రెండోది సగంలోనే ఆగిపోతుంది. చలికాలపు అమావాస్య రోజుల్లో పెద్ద పోటు మిట్టమధ్యాహ్నం వైపు, లోతైన ఆటు సాయంత్రం చీకటిపడ్డాక వస్తాయి. మా కేసుకు ముడి పడింది ఇక్కడే.

చార్టుల విషయంలో ఒక మాట. కెనడా చార్టుల్లో లోతులు లెక్కించే మట్టం, నీరు అంతకన్నా కిందికి దాదాపు దిగని మట్టం. పక్కనే ఉన్న అలాస్కా చార్టులు రోజూ వచ్చే దిగువ ఆట్ల సగటును ప్రమాణంగా తీసుకుంటాయి. అందుకే ఒకే సాయంత్రపు ఆటు అలాస్కాలోని కెచికాన్ పట్టికలో మైనస్ అంకెగా, ప్రిన్స్ రూపర్ట్ పట్టికలో ప్లస్ అంకెగా కనిపించవచ్చు. డిక్సన్ ఎంట్రన్స్‌లో రెండు దేశాల చార్టులూ బల్ల మీద ఉంటాయి కాబట్టి ఏ అంకె ఏ దేశానిదో పెన్సిల్‌తో రాసుకోవడం మంచిది.

కాగితం

ముందురోజు 10:30కి ఎన్విరాన్‌మెంట్ కెనడా ఇచ్చిన బులెటిన్‌లో హెకేట్ జలసంధికి స్టార్మ్ హెచ్చరిక, డిక్సన్ ఎంట్రన్స్ తూర్పు భాగానికి గేల్ హెచ్చరిక ఉన్నాయి. వాళ్ల లెక్కలో గేల్ అంటే 34 నుంచి 47 నాట్స్, స్టార్మ్ అంటే 48 నుంచి 63. రేపు ఉదయం ఆగ్నేయం 20, మధ్యాహ్నానికి 25, సాయంత్రానికి 40, రాత్రికి 45. అర్ధరాత్రి దాటాక నైరుతికి మళ్లి 30. ఆ సమయానికి మేము హైదా గ్వాయి ఉత్తర కొసనున్న లంగారా దీవికి పడమరగా సుమారు 250 మైళ్ల దూరంలో ఉన్నాం. అక్కడి నుంచి ట్రిపుల్ ఐలాండ్‌కు డిక్సన్ ఎంట్రన్స్ మీదుగా ఇంకో 75, 80 మైళ్లు.

చాలా ఓడల్లో వాతావరణ బులెటిన్ ఒక ఫైల్లో, ఆటుపోట్ల పట్టిక ఇంకో ఫైల్లో ఉంటాయి. బులెటిన్ చూసినవారు గాలి అంకె చెబుతారు, పట్టిక చూసినవారు లోతు చెబుతారు, రెండూ కలిసేది నీళ్ల మీదే. నేను చేసిందల్లా ఒక తెల్ల కాగితం మీద గంటకొక వరుస గీసి, ఎడమ వైపు నీటిమట్టం, పక్కన ప్రవాహం దిశ, ఆ పక్కన గాలి, చివర వెలుతురు రాయడం. సమయాలన్నీ పసిఫిక్ ప్రామాణిక సమయంలోకి మార్చాను. ఓడ గడియారం ఒకటి, ఎలక్ట్రానిక్ చార్టు ఇంకొకటి, ఏజెంటు మెయిల్ మరొకటి చెబుతుంటే ఎవరికైనా గంట తప్పుతుంది.

పట్టిక ప్రకారం 12:30కి పెద్ద పోటు, 7.0 మీటర్లు. 19:10కి ఆటు, 0.4 మీటర్లు. మళ్లీ 01:45కి 6.0. ఉదయం 07:00కి 2.4.

మధ్యాహ్నం నుంచి సాయంత్రంలోపు 6.6 మీటర్ల నీరు దిగిపోవాలి. పన్నెండో వంతుల లెక్క (ఆటు సమయాన్ని ఆరు భాగాలు చేస్తే వరుసగా 1, 2, 3, 3, 2, 1 పన్నెండో వంతులు దిగుతాయన్న అంచనా) వేస్తే అందులో సగం, అంటే 3.3 మీటర్లు, మధ్యనున్న రెండు గంటల పైచిలుకులో పోతుంది. ఆ మధ్య సమయం సరిగ్గా ఎప్పుడు? 15:50. పైలట్ ఆర్డరు ఎప్పుడు? 16:00. ఆ రోజు సూర్యాస్తమయం? 16:25 ప్రాంతం. అంటే రోజు మొత్తంలో ఆటు ఉరవడి అత్యధికంగా ఉన్న గంటలో, గాలి గేల్ స్థాయికి చేరే గంటలో, వెలుతురు ఆరిపోయే గంటలో మేము ఓడను నెమ్మది చేసి, ఒక మనిషిని పడవలోంచి తాడు నిచ్చెన మీదికి ఎక్కించుకోవాలి. వేరువేరుగా చూస్తే ఏ ఒక్కటీ పైలటింగ్ ఆపించేంత పెద్దది కాదు. ఒకే వరుసలో చదివినప్పుడే మూడూ ఒకే గంటలో కలుస్తున్నాయని తెలిసింది.

ఆ కాగితం కెప్టెన్‌కు చూపించాను. ఆయన మితభాషి. కాగితం మీద 12:30 వరుసను వేలితో చూపి, "దీనికి అందుకోగలమా?" అని మాత్రం అడిగారు.

"అందుకోగలం సర్. పదకొండు నాట్స్ దగ్గర నడుస్తున్నాం. పన్నెండు ముప్పావుకు పెంచితే 12:15కి ట్రిపుల్ ఐలాండ్‌లో ఉంటాం."

మూడో దారి కూడా మాట్లాడుకున్నాం: అసలు లోపలికే వెళ్లకుండా, లంగారా పడమట లోతు నీళ్లలో గాలికి ముక్కు పెట్టి రాత్రి గడపడం. ఆగ్నేయ గాలి ఉన్నంతసేపు అది బాగానే ఉంటుంది, ఓడ తీరానికి దూరంగా పోతుంది. గాలి నైరుతికి, పడమరకు మళ్లిందంటే హైదా గ్వాయి పడమటి తీరమే మన మీదికి వస్తుంది. 2014 అక్టోబరులో సిముషిర్ అనే రష్యా సరుకు ఓడ ఇంజిన్ ఆగిపోయి ఆ తీరం వైపే కొట్టుకొచ్చింది. కెనడా కోస్ట్‌గార్డ్ నౌక గోర్డన్ రీడ్ దానికి తాడు కట్టి బయటికి లాగింది. చివరికి టగ్గు సాయంతో అది చేరింది ప్రిన్స్ రూపర్ట్‌కే. ఇంజిన్ మీద నమ్మకం ఉన్నవారికి ఈ దారి తప్పు కాదు. మా కెప్టెన్‌కు ఏ ఇంజిన్ మీదా అంత నమ్మకం లేదు.

వేగం పెంచుతామంటే చార్టరర్ల ఆఫీసు నుంచి సణుగుడు మొదలైంది. బెర్తు లేనప్పుడు తొందరెందుకు, అదనపు ఇంధనానికి లెక్క చెప్పండి, ఇలా. కెప్టెన్ నా కాగితాన్ని స్కాన్ చేయించి, మూడు ముక్కల మెయిల్‌తో పంపారు. రెండో మెయిల్ రాలేదు. ఏజెంటు పైలట్ సమయం మార్పించారు.

ఎక్కించుకోవడం

ఈ తీరంలో బులెటిన్ కన్నా నాకు ఇష్టమైనది లైట్‌హౌస్ కీపర్ల నివేదిక. చాలా దేశాలు దీపస్తంభాల్లో మనుషుల్ని ఎప్పుడో తీసేశాయి. ఇక్కడ లంగారా, బొనిల్లా, ట్రిపుల్, గ్రీన్ దీవుల్లో కీపర్లు ఇంకా ఉన్నారు. మేఘం, దృశ్యత, గాలి, అలల ఎత్తు, ఉబ్బెత్తు ఏ దిశ నుంచి, అన్నీ కళ్లతో చూసి చెబుతారు. ఆగ్నేయ గాలి ముందుగా తగిలేది దక్షిణాన హెకేట్‌లో ఉన్న బొనిల్లాకే. అక్కడ గాలి పెరిగిందంటే మన దగ్గరికి రావడానికి ఎంతో సమయం లేదని అర్థం. ఆ ఉదయం బొనిల్లాలో అప్పటికే 30 దాటింది. ట్రిపుల్ దగ్గర 22. బులెటిన్ చెప్పినదానికన్నా వాయుగుండం కొంచెం ముందుగా నడుస్తోంది.

ట్రిపుల్ ఐలాండ్ అంటే చెట్టూ చేమా లేని బండరాళ్లు, వాటి మీద 1920ల నాటి కాంక్రీటు దీపస్తంభం. వానలో రెండు మైళ్ల దాకా అది కనబడలేదు. మూడు సెంటీమీటర్ల తరంగాల రాడార్ తెర వాన మచ్చలతో నిండిపోయింది. పది సెంటీమీటర్ల రాడార్ మీద మాత్రం దీవి గీత గీసినట్టు ఉంది. ఈ తీరంలో రెండో రాడార్ పాడైతే మరమ్మతు అయ్యేదాకా బయటే ఉండాలన్నది నా అభిప్రాయం. కొందరు నవ్వుతారు.

ఆగ్నేయ గాలి నుంచి పైలట్ పడవకు చాటు ఇవ్వాలంటే ఓడ ముక్కు ఈశాన్యానికి తిప్పాలి, నిచ్చెన ఎడమ వైపు వేయాలి. ఎడమ వైపు అంటే వాయవ్యం. పాత తుపాను మిగిల్చిన పడమటి ఉబ్బెత్తు దాదాపు అటు నుంచే వస్తోంది. గాలికి చాటైన పక్క ఉబ్బెత్తుకు చాటు కాదు. ఏ పక్క తిప్పినా ఒకటి తగులుతుంది. పోటు నిలిచిన సమయం కాబట్టి ఆ ఉబ్బెత్తు పొడవుగా, మందంగా వస్తోంది; పడవ దానితోపాటే లేచి దిగుతోంది. ఖాళీ ఓడ ఎత్తు తొమ్మిది మీటర్లు దాటుతుంది కనుక మెట్ల నిచ్చెననూ తాడు నిచ్చెననూ జత చేసి వేశాం. పైలట్ ఒక అల శిఖరం మీద తాడు నిచ్చెన పట్టుకుని, పడవ కిందికి జారేలోపు మూడు మెట్లు ఎక్కేశారు. అదే ఉబ్బెత్తుకు మూడు గంటల తర్వాత పడమటికి పరిగెత్తే ఆటు ఎదురైతే ఆ శిఖరాలు విరిగేవి.

పైలట్ బ్రిడ్జి మీదికి రాగానే దుంగల గురించి హెచ్చరించారు. పెద్ద పోటు వచ్చిన రోజున, ఒడ్డున పడి ఉన్న చెట్ల మానులు తేలి ప్రిన్స్ రూపర్ట్ ముందున్న చాథమ్ సౌండ్ నీళ్లలోకి వస్తాయి. కొన్ని నీళ్లు పీల్చి నిలువుగా, కొస మాత్రం పైకి పెట్టి తేలుతుంటాయి. వాటిని రాడార్ పట్టదు. ముందు భాగంలో ఒక మనిషిని నిలబెట్టి, ఆయన చెప్పిన వేగానికే నడిచాం.

లంగరు మీద

కినాహన్ దీవుల దగ్గర, చార్టులో 35 మీటర్ల లోతున లంగరు వేశాం. మడ్డి నేల, పట్టు బాగానే ఉంటుంది. తొమ్మిది షాకిళ్ల గొలుసు, అంటే సుమారు 247 మీటర్లు వదిలాం. అల్లకల్లోలంలో నింపుకునే బాలాస్ట్ హోల్డును ఖాళీ చేయవద్దని చీఫ్ ఆఫీసర్ నిర్ణయం. బెర్తుకు వెళ్లేముందు అది ఖాళీ చేయడానికి గంటలు పడుతుంది నిజమే. ఖాళీ పనామాక్స్ గాలికి ఎంత పెద్ద తెరచాపో తెలిసినవాళ్లు ఆ గంటల గురించి ఆలోచించరు.

మళ్లీ అదే కాగితం తీశాం, ఈసారి లంగరు కోసం. రాత్రి 19:10కి నీరు 0.4 ఉన్నప్పుడు గొలుసు లోతుకు ఏడు రెట్లు. 01:45కి నీరు 6.0 అయ్యేసరికి ఆరు రెట్లకు తగ్గుతుంది. గొలుసు అంతే ఉన్నా నీరు పెరిగితే లాగుడు కోణం పెరుగుతుంది, లంగరును నేల మీద పడుకోనివ్వకుండా ఎత్తుతుంది. దానికి తోడు పీడనం. గాలి పీడనం ఒక హెక్టోపాస్కల్ తగ్గితే సముద్రం సుమారు ఒక సెంటీమీటరు ఉబ్బుతుంది. మా బ్యారోమీటర్ 974కు దిగింది. సాధారణ పీడనం కన్నా 39 తక్కువ. పట్టికలోని 6.0 అసలులో 6.4 కావాలి. ప్రిన్స్ రూపర్ట్ నీటిమట్టం కొలిచే పరికరం ఆ రాత్రి దాదాపు అంతే చూపించింది.

వీటన్నిటి కన్నా నన్ను ఆలోచనలో పెట్టింది ఇంకొకటి. ఫ్రంట్ దాటి గాలి నైరుతికి తిరిగేది అర్ధరాత్రి దాటాక, ఒంటిగంటకూ రెండింటికీ మధ్య. నీరు ఎత్తుగా ఉండేదీ అప్పుడే. లంగరు ఆగ్నేయ లాగుడుకు అలవాటుపడి నేలలో దిగి ఉంటుంది. గాలి దిశ మారితే ఓడ తిరిగి, లంగరును పక్కనుంచి లాగుతుంది. పట్టు ఊడేది సాధారణంగా ఈ తిరుగుడులోనే, ఆరుగంటలుగా వీస్తున్న గాలిలో కాదు. అందుకే ఇంజిన్ రూమ్‌కు కెప్టెన్ ఇచ్చిన ఆదేశంలో రెండు సమయాలున్నాయి: 20:00 నుంచి ఇంజిన్ సిద్ధంగా, 00:30 నుంచి తక్షణం నడిపేలా. రెండో షిఫ్టు వాళ్లు తెల్లవార్లూ నిలబడనక్కర్లేదు. వాళ్లు నిలబడవలసిన గంట ఏదో ముందే తెలుసు.

రాత్రి పది దాటాక హోలండ్ రాక్ వాతావరణ స్టేషన్‌లో గాలి 45, విసురులు 55. ఓడ లంగరు చుట్టూ అటూ ఇటూ ఊగుతూ ఎనిమిది అంకె గీస్తోంది. ఆ ఊగడం మంచి సూచనే. ఊగి మళ్లీ గాలికి ముఖం పెడుతున్నంతసేపు లంగరు పట్టుకుని ఉన్నట్టు. ఒక పక్కకు ఒరిగి అలాగే ఉండిపోతే జారుతున్నట్టు. బోసన్ (డెక్ సిబ్బంది పెద్ద) గంటకోసారి ముందుకెళ్లి గొలుసు మీద అరచెయ్యి పెట్టి చూసి వచ్చేవాడు. నేల మీద లంగరు ఈడ్చుకుపోతుంటే గొలుసులో ఒక రకమైన గరగర వస్తుంది, చేతికి తెలుస్తుంది. జీపీఎస్ అలారం కన్నా కొన్ని నిమిషాలు ముందే తెలుస్తుంది.

01:20కి వాన తెగిపోయింది. దక్షిణాన రెండు మూడు నక్షత్రాలు. గాలి పన్నెండు నాట్స్‌కు పడిపోయింది. థర్డ్ ఆఫీసర్ విశాఖ కుర్రాడు, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఊరి మీద తీరం దాటినప్పుడు అక్కడే ఉన్నాడు. "కన్ను దాటుతున్నట్టుంది అన్నా, ఇప్పుడు రెండో వైపు గాలి కొడుతుంది" అన్నాడు. ఇది కన్ను కాదు, ఫ్రంట్; ఇక్కడ గాలి పూర్తిగా తలకిందులు కాదు, ఆగ్నేయం నుంచి నైరుతికి తొంభై డిగ్రీలు తిరుగుతుంది, అంతే. కానీ అతని భయం దిశ సరైనదే. బ్యారోమీటర్ గీత లోయ అడుగు నుంచి నిటారుగా పైకి లేచింది. పావుగంటలో నైరుతి 32తో వచ్చి తగిలింది.

ఓడ ఉన్నచోటు నుంచి అడ్డంగా తిరిగింది. అలా తిరుగుతూ ఒక క్షణం గాలికి పూర్తిగా పక్క చూపించింది. గొలుసు బిగిసి నీటి మీదికి దాదాపు తాడులా లేచింది. కెప్టెన్ అప్పటికే ఇంజిన్‌ను అతి నెమ్మదిగా ముందుకు నడిపిస్తున్నారు, గొలుసు మీద బరువు తగ్గేలా. ఒక కేబుల్‌లో మూడో వంతు దూరం, అంటే సుమారు 60 మీటర్లు జరిగాం, తర్వాత లంగరు మళ్లీ నేలలో దిగింది. రెండున్నరకు ఓడ కొత్త దిశలో నిలకడగా ఊగడం మొదలుపెట్టింది. ఇంజిన్‌ను నాలుగింటికి ఆపాం.

అదే సాయంత్రం 16:30కి ట్రిపుల్ ఐలాండ్ చేరిన ఇంకో బల్క్ క్యారియర్ సంగతి వీహెచ్ఎఫ్ రేడియోలో విన్నాం. పైలట్ పడవ దగ్గరికి రాలేకపోయింది. ఓడను మళ్లీ డిక్సన్ ఎంట్రన్స్‌లోకి తిప్పి పంపారు. పొద్దున దాని ఆఫీసర్ గొంతులో నిద్ర లేకపోవడం స్పష్టంగా తెలిసింది. మరుసటి రోజు కూడా పడమటి ఉబ్బెత్తు తగ్గలేదు. 07:00 తర్వాత పోటు తూర్పుకు మళ్లి, నీరూ, అలలూ ఒకే దిశలో నడిచే గంటల్లో వాళ్లకు పైలట్ ఎక్కారు.

తిరుగు ప్రయాణానికి అదే కాగితం పని చేసింది, అంకెలు మాత్రం వేరు. మేము బొగ్గు నింపుకునేసరికి వాయుగుండాలు దక్షిణానికి జరిగి, లోతట్టు మంచు గాలి పోర్ట్‌లాండ్ ఇన్‌లెట్ నుంచీ, స్కీనా నది లోయ నుంచీ సముద్రంలోకి దిగుతోంది. ఆకాశం నీలంగా, వానచుక్క లేకుండా, గ్రే ఐలెట్ దగ్గర ఈశాన్యం 35. చాథమ్ సౌండ్‌లో ఆటు, గాలి రెండూ మనతోపాటే పడమటికి నడుస్తాయి కాబట్టి లోపల ప్రయాణం హాయిగా ఉంటుంది. ట్రిపుల్ దాటాక ఆ రెండూ కలిసి పడమటి ఉబ్బెత్తుకు ఎదురవుతాయి. అందుకని బెర్తు వదిలే సమయాన్ని పోటు మీద పెట్టకుండా, ట్రిపుల్ దగ్గర ఆటు నిలిచే గంట నుంచి వెనక్కి లెక్కగట్టాం. పైలట్ గాలికి చాటైన పక్క నుంచి దిగారు, పడవ తడవకుండా తిరిగి వెళ్లింది.